వాహన ప్రమాదములందు దోషనిర్ణయము

జాతీయ రహదారిపై ముందు పోవుచున్న లారీ హఠాత్తుగా ఆగగా వెనుకనున్న కారు దానిని ఢీకొన్నచో, చూచినవారు లారీవానినే నిందింతురు. కాని ముందరి వాహనము అకస్మాత్తుగా ఆగినను తగులకుండ నిలువగలిగినంత ఎడము పాటించుట వెనుకవాని విధి యని రహదారి నిబంధనలు శాసించుచున్నందున, దోషము సాధారణముగా కారు నడపినవానిదే యగును. రాత్రివేళ వెనుక దీపములు లేక, హెచ్చరిక త్రికోణమైనను పెట్టక, దారి నడుమ నిలిపిన లారీ విషయమున మాత్రము ఈ నిర్ణయము తారుమారగుట కద్దు.

కూడళ్లలో ప్రక్కనుండి తగులుటయు, ఎదురెదురుగా ఢీకొనుటయు మరింత చిక్కైనవి. అచ్చట రోడ్డుపై టైర్లు ఈడ్చిన గీతలు, అద్దపు పెంకులు రాలిన చోటు, పోలీసులు గీసిన స్థలచిత్రము సాక్ష్యమిచ్చును. మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునలు నేరవిచారణయందువలె నిస్సంశయమైన రుజువును కోరదు. ఏది ఎక్కువ సంభావ్యమో దానినే గ్రహించును. ఉభయుల అజాగ్రత్తయు తేలినచో, గాయపడిన చోదకుని పరిహారమునుండి అతని దోషపు వంతును తగ్గించును. కాని ఏ పాపమెరుగక కారులో కూర్చున్న ప్రయాణికుడు తన సొమ్మంతయు ఇరువురిలో ఎవరినుండియైనను రాబట్టుకొనవచ్చును. ఇది మిక్కిలి న్యాయమని నా తలంపు. ఏలయన వారి వాటాల తగవు తీరువరకు ఆసుపత్రి మంచముపైనున్నవాడు వేచియుండజాలడు.

1988 నాటి మోటారు వాహనాల చట్టమునకు 2019లో జరిగిన సవరణవలన, దోషమును నిరూపింపకయే మరణమునకు 5 లక్షల రూపాయలు, తీవ్రగాయమునకు 2.5 లక్షలు కోరు మార్గమును కలదు.