కొరడా ఉంది, గుర్రం ఏది?

2016ను ఖతర్, చైనా దేశాలు సాంస్కృతిక సంవత్సరంగా జరుపుకున్నాయి. దోహాలోని నజ్మా వంటి పేటల్లో నివసించే తెలుగువారికి చైనా కళలను దగ్గరగా చూసే అవకాశం అప్పుడు కలిగింది. అయితే పట్టువస్త్రాన్ని చూసి ఆనందించినంత సులువు కాదు చైనా సంగీతనాటకాన్ని ఆస్వాదించడం. దాని మ్యూజియంలో అడుగుపెట్టే కొత్తవారికి కొన్ని సంకేతాలు ముందుగా తెలిసి ఉండాలి.

అలాంటి మ్యూజియం చైనాలోని సుజౌ నగరంలో ఉంది. షాన్‌షీ ప్రాంతపు వర్తకులు కట్టించుకున్న పాత సంఘభవనంలో, దాని రంగస్థలంతో సహా, కున్‌చూ అనే ప్రాచీన నాటకరీతిని భద్రపరిచారు. ఇటువంటి చోట కుచ్చుల కొరడా కనిపిస్తుంది, గుర్రం కనిపించదు. నటుడు ఆ కొరడా పట్టి అడుగు వేస్తేనే గుర్రం పుడుతుంది. తెడ్డు ఉంటే పడవ ఉన్నట్టే. ఒక బల్ల, రెండు కుర్చీలు రాజసభ అవుతాయి, కొండ అవుతాయి. ముఖవర్ణాలకూ అర్థాలున్నాయి: విశ్వాసపాత్రుడైన గ్వాన్ యూ ముఖం ఎరుపు, కుటిలుడైన త్సావ్ త్సావ్ ముఖం తెలుపు.

ఈ పద్ధతి తెలుగువారికి పూర్తిగా కొత్తదేమీ కాదు. సురభి నాటకాలు మాయాబజారును రంగులతెరలతో, యంత్రాలతో కళ్లెదుట నిలుపుతాయి. కూచిపూడి భామాకలాపం అందుకు భిన్నం. అక్కడ తెర మీదుగా వేసిన జడ ఒక్కటే సత్యభామ రాకను, ఆమె అతిశయాన్ని చాటుతుంది. కున్‌చూ ఈ రెండవ మార్గానికి చేరువ.

వస్తువు సంకేతమైనప్పుడు, దాని అర్థం నటుడి దేహంలో ఉంటుంది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి కున్‌చూ దాదాపు అంతరించింది. 1921లో సుజౌలో కళాభిమానులు ఒక శిక్షణశాల నెలకొల్పి, అక్కడి విద్యార్థుల రంగస్థల నామాలలో 'చువాన్' అనే అక్షరం చేర్చారు. 'తరువాతి వారికి అందించడం' అని దాని అర్థం. 1956లో 'పదిహేను కాసుల దండలు' నాటకం బీజింగ్‌లో విజయవంతమై ఆ కళకు తిరిగి ప్రాణం పోసింది. అందులో ప్రధాన నటులైన జౌ చువాన్‌యింగ్, వాంగ్ చువాన్‌సుంగ్ ఆ శిక్షణశాల విద్యార్థులే. 2001లో యునెస్కో తన తొలి మౌఖిక వారసత్వ ప్రకటనలో కున్‌చూను, కేరళ కూడియాట్టాన్ని చేర్చింది.

ఎముకల గూడును అద్దాల పెట్టెలో ఉంచవచ్చు, నడకను ఉంచలేము. సత్యభామ జడ విషయమూ అంతే. వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి నటులు ఆ పాత్రకిచ్చిన నడక, చూపు మరొక శరీరం నేర్చుకుంటేనే నిలుస్తాయి. అందుచేత మ్యూజియం చూసిన కొత్తవారు ఒక ప్రదర్శన కూడా చూడాలి. కొరడా వెనుక గుర్రం అప్పుడే కనిపిస్తుంది.