త్రీనాట్‌త్రీ ఒంటి మీది రాతలు

ఒకప్పుడు పోలీస్ ఠాణా గుమ్మంలో కాపలా కానిస్టేబుల్ భుజాన వేలాడిన బరువైన తుపాకీ గుర్తుందా? దాన్ని త్రీనాట్‌త్రీ అనేవాళ్లం. అది గొట్టం లోపలి కొలత: 0.303 అంగుళాలు, అంటే 7.7 మిల్లీమీటర్లు. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది 2020లోనే.

బోల్టు, తూటాల పెట్టె జేమ్స్ పారిస్ లీ రూపకల్పన. పేరులో మిగతా సగం వెనక రసాయనం ఉంది. 1888 నాటి తొలి రూపం లీ మెట్‌ఫర్డ్. తూటా గిరగిరా తిరుగుతూ తిన్నగా పోయేందుకు గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటాయి. నల్ల తుపాకీమందు మసి పట్టకుండా మెట్‌ఫర్డ్ వాటిని లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉంచాడు. తర్వాత కార్డైట్ అనే కొత్త తుపాకీమందు వచ్చింది. దాని వేడికి ఆ గాళ్లు త్వరగా అరిగిపోయాయి. 1895లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారంవారి అయిదు లోతైన గాళ్లు వాటి చోటు తీసుకున్నాయి. మెట్‌ఫర్డ్ పేరు పోయింది.

బెంగాల్‌లోని ఇషాపూర్‌లోనూ ఇది తయారైంది. 1962 చైనా యుద్ధం తర్వాత అక్కడే 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగ్గట్టు మరింత గట్టి ఉక్కుతో చేశారు. మన దగ్గర 0.303 పౌరులకు నిషిద్ధం కాబట్టి, సైన్యాలు వదిలేసిన ఈ తుపాకుల సేకరణ ఎక్కువగా బ్రిటన్, కెనడా, అమెరికాల్లో సాగుతుంది.

అనుభవమున్న సేకర్త ముందుగా బోల్టు తీసి, గొట్టాన్ని వెలుతురుకేసి పెట్టి చూస్తాడు. పాత తూటాల్లో నిప్పు పుట్టించే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. వంటింటి ఉప్పులాగే అదీ తేమను లాగి ఉక్కును తినేస్తుంది. నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే సైనికులు గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరాకే నూనె పట్టించేవారు. ఆ పని మానేసిన తుపాకీ లోపల నల్లటి గుంటలు కనిపిస్తాయి.

తర్వాత నంబర్లు. బోల్టు మీదా బాడీ మీదా ఒకటే ఉంటే ధర పెరుగుతుంది. ఇది సేకర్తల చాదస్తం కాదు. ప్రతి బోల్టునూ దాని బాడీకే సరిచూసి అమర్చేవారు. వేరే బోల్టు వేస్తే తూటా వెనక ఖాళీ పెరిగి, పేలినప్పుడు ఇత్తడి గుల్ల చీలవచ్చు.

పట్టు దగ్గరి ఉక్కు మీద కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, తయారైన ఏడు ఉంటాయి. కర్ర మీదా ముద్రలుంటాయి. కొత్తగా మెరవాలని ఆ కర్రను గరుకు కాగితంతో రుద్దేసిన తుపాకీని చూస్తే నాకు బాధగా ఉంటుంది. కొన్ని భారతీయ తుపాకుల ముందు కర్రకు తీగ చుట్టి ఉంటుంది. గ్రెనేడ్లు విసిరే అదురుకు కర్ర చీలకుండా కట్టిన కట్టు అది. తెలియక దాన్ని విప్పేస్తే ఆ తుపాకీ ఏ పని చేసిందో చెప్పే ఆనవాలు పోతుంది.

బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు ముద్ర. అమ్మేసేటప్పుడు దాని మొనకు ఎదురుగా మరో బాణం కొట్టేవారు. మొనలు రెండూ కలిసి ఉంటే, సైన్యంలో దాని కొలువు తీరినట్టే.