ఆకుపచ్చదా? పసుపుదా?

షష్టిపూర్తి విందు. బంధుజనమంతా బల్లల ముందు కూర్చున్నారు. పెద్దకొడుకు లేచాడు. చేతిలో రెండు ఉపన్యాసాలు... ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. ఏది చదవమంటావని తండ్రినే అడిగాడు. ఆకుపచ్చదన్నాడాయన. చిన్నతనంలో తననూ, తన కవల సోదరినీ ఈ తండ్రే లైంగికంగా చెరిచాడని కొడుకు తాపీగా చెప్పేశాడు! ఆ సోదరి ఈమధ్యే ఆత్మహత్య చేసుకుంది.

తర్వాత ఏమైందనుకుంటున్నారు? కాసేపు నిశ్శబ్దం. మళ్లీ విందు మొదలు!

ఇది 'ఫెస్టెన్' అనే డెన్మార్క్ చిత్రం (1998). ఆ మాటకు వేడుక అని అర్థం. దర్శకుడు థామస్ వింటర్‌బర్గ్. కేన్స్‌లో జ్యూరీ బహుమతి పొందిన ఈ చిత్రాన్ని నేను రాయదుర్గంలో, మిత్రుడి జీన్స్ కుట్టే షెడ్డులో, మిషన్లు ఆగిన తర్వాత ల్యాప్‌టాప్‌లో చూశాను.

మన తెరమీద ముసలి తండ్రి అంటే దేవుడి తర్వాత దేవుడు. 'బడిపంతులు' (1972), 'తాతామనవడు' (1973) గుర్తున్నాయి కదా? కన్నీళ్లు ఆయనవి, తప్పు పిల్లలది. ఇక్కడ లెక్క తిరగబడింది.

సెట్టింగుల్లేవు, నేపథ్య సంగీతం లేదు. కెమెరాను చేత్తో పట్టుకునే తీశారు. ఇవన్నీ 1995లో వింటర్‌బర్గ్, లార్స్ వాన్ ట్రయర్ పెట్టుకున్న 'డాగ్మే 95' నియమాలు. ఆ ముద్రతో వచ్చిన మొదటి బొమ్మ ఇదే. దర్శకుడి పేరు టైటిల్స్‌లో వేయకూడదట! కెమెరా కుదుపులకు నాకు మొదట తల తిరిగింది, అబద్ధమెందుకు? కాసేపటికి మనింటి పెళ్లి వీడియో చూస్తున్నట్టే అయింది. భయం వేసింది కూడా అప్పుడే.

అతిథులు జారుకోకుండా వంటవాళ్లు కారు తాళాలు దాచేస్తారు. మన హాల్లో అయితే ఈలలే ఈలలు!

నాకు మాత్రం ఈల రాలేదు. పదహారేళ్లప్పుడు మా ఊళ్లో ఒక షష్టిపూర్తికి చిత్రాన్నం వడ్డిస్తున్నాను. బంధువుల్లో ఒకామె లేచి, పెద్దాయనకేసి చూసి ఏదో మొదలుపెట్టింది. "కూచోమ్మా, పిల్లోళ్లుండారు, తిననీ" అన్నారెవరో. ఓళిగలు తెమ్మని నన్ను కేకేశారు. తెచ్చాను. ఆమె ఏం చెప్పబోయిందో ఈనాటికీ తెలీదు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పిల్లల్ని పక్కన పెట్టుకుని చూసే బొమ్మ కాదిది. ముగింపు చెప్పను. మర్నాడు పొద్దున ఫలహారాల బల్ల దగ్గరికి తండ్రి వచ్చినప్పుడు చిన్నకొడుకు ఏమంటాడో, అది మాత్రం తప్పక వినండి.