సుగ్గికి పోయిన అమ్మ, మాట తప్పని దేవుడు

డిసెంబరు 31 రాత్రి పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో చర్చిలు మేలుకునే ఉంటాయి. పాటలు, ప్రార్థన, ప్రసంగం అయ్యాక వాగ్దానపు కార్డుల పళ్లెం వస్తుంది. పెద్దలూ పిల్లలూ తలా ఒకటి తీసుకుంటారు. రాబోయే ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని వాళ్ల నమ్మకం. పదేళ్ల పిల్ల దాన్ని కూడబలుక్కుని చదివి బైబిల్లో దాచుకుంటుంది. కొన్నాళ్లకే అమ్మానాయనలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతారు. సుగ్గికి పోవడం అంటారు ఇక్కడ. 300 కిలోమీటర్లకు పైగా దూరం. పిల్ల అవ్వ దగ్గర మిగిలిపోతుంది. కార్డులో సమృద్ధి ఉంది. ఇంట్లో అమ్మ లేదు.

ఆ పిల్ల ముందు నిలబడి దేవుడు నమ్మదగినవాడని చెప్పడం ఎలా? కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో ఆదివారం బడి నడిపే ప్రతి టీచరమ్మకూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

తేలిక దారి ఒకటుంది. ప్రార్థన చేస్తే వాన పడుతుంది, కానుక వేస్తే పంట పండుతుంది అని చెప్పేయడం. పిల్లలు చప్పట్లు కొట్టి పాడతారు కూడా. కానీ ఈ నేల ఆ పాఠాన్ని ఎక్కువ రోజులు నిలవనివ్వదు. అదునులో పడాల్సిన వాన రాదు. వచ్చినా బుడ్డలు (వేరుశనగ) కోతకొచ్చాక కురిసి కుళ్లబెడుతుంది. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయిన రోజు రైతులు గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోయడం పిల్లలు బడికి పోతూ చూస్తారు. అప్పుడు వాళ్ల మనసుకు రెండే సమాధానాలు తోస్తాయి: దేవుడు మాట తప్పాడు, లేదా మా నాయన ప్రార్థన చాల్లేదు. రెండోది మరీ క్రూరం. ఎండిన చేను చూసి కుమిలిపోతున్న తండ్రిని కన్నబిడ్డే అవిశ్వాసి అని అనుకోవాల్సి వస్తుంది. ఇంతటి భారం పిల్లల నెత్తిన పెట్టే హక్కు ఏ బోధకుడికీ లేదు.

బైబిలు ఈ విషయాన్ని పిల్లలకు చెప్పే తీరు వేరు. రూతు గ్రంథమే తీసుకోండి. నాలుగే అధ్యాయాలు. కథ మొదలవడమే కరువుతో. బేత్లెహేములో తిండి లేక ఒక కుటుంబం పొరుగు దేశమైన మోయాబుకు వలస పోతుంది. అక్కడ ఇంటాయన చనిపోతాడు, ఇద్దరు కొడుకులూ చనిపోతారు. నయోమి ఒట్టి చేతులతో తిరిగొచ్చి, నా బతుకు చేదైపోయింది, నన్నిక మారా అని పిలవండి అని ఊరి ఆడవాళ్ల ముందే అంటుంది. గమనించండి, అంత మాటన్నందుకు ఆమెను ఎవరూ గద్దించరు. ఆకాశం నుంచి స్వరం రాదు, అద్భుతం జరగదు. ఉన్నదల్లా నిన్ను విడిచిపోనని మాటిచ్చి, ఆ మాట మీద నిలబడ్డ కోడలు. ఆ కోడలు రూతు యవల చేలో పరిగె ఏరి అత్తకు అన్నం పెట్టింది. దేవుడు మాట నిలబెట్టుకోవడం నయోమికి కనిపించింది మొదట ఆ కోడలి చేతుల్లోనే.

ఈ కథ పత్తికొండ పిల్లలకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. బుడ్డలు పీకిన చేలో మిగిలినవి ఏరుకోవడం వాళ్లకు తెలుసు. వలస తెలుసు. చివర్లో రూతుకు పుట్టిన ఓబేదును ఒళ్లో పెట్టుకుని పెంచింది నయోమి అని చెప్పినప్పుడు, అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లల ముఖాలు చూడండి. ఆ ఓబేదు మనవడే దావీదు రాజు. మన ఆదివారం బడుల్లో దావీదు, గొల్యాతు కథ చెప్పినన్నిసార్లు దావీదు ముత్తవ్వ కథ చెప్పం. చెప్పాలి.

అలాగే కీర్తనల గ్రంథం. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. ఎన్నాళ్లయ్యా, నన్ను మరిచావా అని నిలదీసేవి. కంఠత వాక్యాల పట్టికలోకి ఇవి రావు, సంతోషపు వాక్యాలే వస్తాయి. ఏడ్చే మాటలు కూడా నేర్పితేనే, ఏడుపొచ్చిన రోజు పిల్లవాడు దేవుడి దగ్గరకు పోతాడు. లేకుంటే ఏడుపు ఉన్నంతకాలం గుడి బయటే నిలబడతాడు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథం చివర, చెట్లు కాయకపోయినా, దొడ్లో గొర్రెలు లేకపోయినా దేవుడిలో సంతోషిస్తానంటాడు. దాన్ని పిల్లల చేత సొంత మాటల్లో రాయించవచ్చు. బుడ్డలకు ఊడలు దిగకపోయినా, టమోటాకు ధర రాకపోయినా, బోరు ఎండిపోయినా అని మొదలుపెట్టిస్తే చాలు, మిగతాది వాళ్లే రాస్తారు. మనం రాయించలేనంత నిజంగా రాస్తారు.

యెహోషువ గ్రంథంలో ఇంకో పద్ధతి ఉంది. యొర్దాను దాటాక 12 రాళ్లు ఎత్తి నిలబెట్టారు. ఈ రాళ్లేమిటని రేపు పిల్లలు అడిగితే జరిగింది చెప్పండి అన్నది ఆజ్ఞ. ముందు పిల్లవాడు అడగాలి, తర్వాత పెద్దవాళ్లు చెప్పాలి. తెలుగు క్రైస్తవులకూ అలాంటి రాళ్లున్నాయి. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మూసేద్దామన్న మాట ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో ఒకామె పేరు కూడా రూతే. ఆ ప్రార్థనకు జవాబుగా చెప్పుకునే మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆ పన్నెండేళ్లను మన సాక్ష్యాల్లో దాటేస్తాం. పిల్లలకు కావలసింది అవే.

తర్వాత 1876–78 ధాత కరువు వచ్చింది. కర్నూలు సీమను ఊళ్లకు ఊళ్లుగా ఊడ్చేసిన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం కరువు సాగినంత కాలం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు పనులు ముగిశాకే, 1878 జులై 3న ఒక్కరోజులో గుండ్లకమ్మ నది దగ్గర 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నమ్మడానికి ప్రతిఫలంగా రొట్టె చూపించకపోవడమే నాకు ఇందులో అన్నిటికన్నా పెద్ద పాఠం. వాగ్దానపు కార్డును లాటరీ టిక్కెట్టులా పిల్లల చేతిలో పెట్టే ముందు బోధకులు ఒకసారి ఆ కాలువ గట్టు గుర్తు తెచ్చుకోవాలి.

కార్డులు మానేయమని కాదు. కార్డు మీదున్న మాట బైబిల్లో ఎవరికి, ఏ కష్టంలో చెప్పబడిందో ఆ పేజీ తీసి పిల్లలకు చూపించాలి. యిర్మీయా 29వ అధ్యాయంలోని మంచి భవిష్యత్తు వాగ్దానం చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. 70 ఏళ్లు ఆగమని అదే ఉత్తరంలో ఉంది.

మాట నిలబడుతుందని పిల్లలు మొదట నేర్చుకునేది మనుషుల దగ్గరే. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో రాసిన పుస్తకంలో, బిడ్డ తొలి ఏడాదిలో తేల్చుకునేది ఈ లోకాన్ని నమ్మొచ్చా లేదా అన్నదేనని చెప్పాడు. సుగ్గికి పోయే తల్లి బిడ్డకు తప్పుడు తేదీ చెప్పకూడదు. రేపొస్తా పాపా అని బస్సెక్కేకన్నా, ఉగాది దాకా రాలేనమ్మా, రోజూ పొద్దుగూకినాక ఫోన్ చేస్తా అని చెప్పి చేయడం మేలు. ఆ ఫోను మోగిన ప్రతిసారీ ఆదివారం బడి పాఠం సగం అయిపోయినట్టే. టీచరమ్మలకూ ఇదే వర్తిస్తుంది. వచ్చే వారం బొమ్మ తెస్తానంటే తేవాలి. తేలేకపోతే ముందే చెప్పాలి.

మే నెలలో సెలవుల బైబిల్ బడులు మొదలవుతాయి. అప్పటికి సుగ్గికి పోయినవాళ్లు చాలామంది ఊళ్లో ఉంటారు. పట్నం నుంచి వచ్చిన రంగురంగుల పుస్తకాలు, అభినయ పాటలు ఉండనివ్వండి. ఒక పూట మాత్రం అవ్వలకు ఇవ్వండి. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు, ఏ ఏడు ఏ చెరువు ఎండిందో, ఎవరింట్లో గింజలు ఎవరు పంచారో మాత్రం నోటికొచ్చు. పిల్లలను కింద కూర్చోబెట్టి అడగనివ్వండి: అవ్వా, అప్పుడు దేవుడు ఏం చేసినాడు? ఆమె నాకు తెలీదు నాయనా, ఆ ఏడు మాత్రం బతికినాం అంటే, దాన్ని సవరించకండి.