ఏడాది కలిసొస్తుందా? పిల్లల్ని బడిలో ఎప్పుడు వెయ్యాలి

ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను, కెమెరా కూడా పెట్టేశాను. కానీ మొన్న రాత్రి కువైట్ నుంచి ఒక చెల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. తను అక్కడ ఒక ఇంట్లో పని చేస్తోంది. బాబు ఇక్కడ, రాజోలు దగ్గర ఒక ఊళ్ళో, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు.

"అక్కా, జూన్‌కి మావాడికి మూడేళ్ళ ఎనిమిది నెలలు వస్తాయి. కాన్వెంటు వాళ్ళు నర్సరీ దండగండీ, ఎల్కేజీలో వేసేయండి, ఏడాది కలిసొస్తుంది అంటున్నారంట. మా అమ్మేమో ఇంకో ఏడాది నా దగ్గరే ఉండనీవే, పసోడు అంటోంది. వాడికి ఏబీసీడీలు అన్నీ వచ్చక్కా, ఫోన్‌లో చూసి నేర్చేసుకున్నాడు. ఏం చెయ్యమంటావు?"

ఇదీ మెసేజ్. దీనికి టైపు చేసి జవాబివ్వడం నా వల్ల కాలేదు. ఎందుకంటే "ఏడాది కలిసొస్తుంది" అనే మాట నేను కూడా ఒకప్పుడు నమ్మాను.

మా పెద్దాడు ఆగస్టులో పుట్టాడు. రెండేళ్ళ పది నెలలకి తీసుకెళ్ళి నేరుగా ఎల్కేజీలో వేశాను. బడి పేరు అనవసరం, తొందర నాది. వాడికీ ఏబీసీడీలు వచ్చు, వందదాకా అంకెలు వచ్చు, ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ చెప్పించేదాన్ని. కానీ టీచరు దగ్గరికెళ్ళి "బాత్రూమ్‌కి వెళ్ళాలి మేడమ్" అని అడగడం రాదు. తడిసిన నిక్కరుతోనే సాయంత్రం దాకా కూర్చున్న రోజులున్నాయి. ఇంటికొచ్చాక చెప్పేవాడు కూడా కాదు, వ్యాన్ దిగగానే నాకే తెలిసేది. ఒకటో తరగతికి వచ్చేసరికి వాడికి నాలుగేళ్ళ పది నెలలు. డిక్టేషన్, ఎక్కాలు, హోమ్‌వర్కు. ఏడాది చివర్లో మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెట్టాల్సి వచ్చింది. "నా ఫ్రెండ్స్ అందరూ పైక్లాసుకెళ్ళారు, నేనెందుకు వెళ్ళలేదమ్మా?" అని అడిగాడు. కలిసొస్తుందనుకున్న ఏడాది ఆ రకంగా పోయింది. పోయింది ఏడాది ఒక్కటే అయితే ఇంత చెప్పను. తనకి చదువు రాదు అనే మాట వాడి మనసులో పడిపోయింది, దాన్ని తియ్యడానికి చాలా కాలం పట్టింది.

సరే, లెక్కల్లోకి వద్దాం. ఏడాది ముందు వేస్తే నిజంగా ఏం మిగులుతుంది? జనవరిలో పుట్టిన పాప ఒకతి ఉందనుకోండి. నాలుగేళ్ళ ఐదు నెలలకే ఒకటో తరగతిలో వేశారు. పన్నెండేళ్ళు ఎక్కడా ఆగకుండా చదివితే ఇంటర్ అయ్యేసరికి పదహారేళ్ళ రెండు నెలలు. ఇప్పుడు నీట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్ళు నిండాలి. ఆ పాపకి నిండవు. డాక్టర్ని చేద్దామని మూడో ఏట తొందరపెట్టిన ఇంట్లోనే, పదహారో ఏట ఏడాదిపాటు ఖాళీగా కూర్చోబెట్టాలి. ఈ లెక్క మీ ఫోన్‌లో క్యాలెండర్ తీసి మీ పాప పుట్టినరోజుతో మీరే వేసుకోండి, రెండు నిమిషాల పని.

మరి రూల్ ఏం చెబుతోంది? ఇక్కడ కొంచెం గజిబిజి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ దాకా ఆటపాటల చదువు, ఆరేళ్ళు నిండాక ఒకటో తరగతి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ ఇదే పాటించమని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. కేంద్రీయ విద్యాలయాలు అంతకుముందే, 2022-23 నుంచే, ఆరేళ్ళు చేసేశాయి. మన రాజమండ్రిలో కూడా కేంద్రీయ విద్యాలయం ఉంది కదా, దానికీ ఇదే రూలు. దీని మీద కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు కూడా. ఢిల్లీ హైకోర్టు కాదంది, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టూ కాదంది. అటు మన రాష్ట్రం సంగతి చూస్తే, 2022 మార్చిలో లోక్‌సభలో చెప్పిన వివరాల్లో ఆంధ్రప్రదేశ్ ఐదేళ్ళు దాటితే చేర్చుకునే రాష్ట్రాల జాబితాలో ఉంది. ప్రైవేటు బడుల్లో ఉచిత సీట్లు ఇస్తారే, ఆ నోటిఫికేషన్లలో కూడా స్టేట్ సిలబస్ బడులకి జూన్ 1 నాటికి ఐదేళ్ళు నిండాలని అడుగుతూ వచ్చారు. అంటే పిల్లవాడు ఒకడే, పక్కపక్కనే ఉన్న రెండు బడుల్లో రూలు రెండు రకాలు. అందుకే అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు మొదట అడగాల్సింది ఫీజు కాదు. "ఏ తేదీకి ఎన్నేళ్ళు నిండాలండీ?" అని అడగండి.

ఇంకో సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడకట్టి చేర్చుకోకూడదు. మొదటిసారి పెడితే 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. కానీ ఆ చట్టం రాసింది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల కోసం. నర్సరీ అడ్మిషన్లకి అది వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మూడేళ్ళ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి "వాట్ ఈజ్ యువర్ ఫాదర్స్ నేమ్" అని అడిగే ధైర్యం ఆ సందులోంచే వస్తోంది.

ఇప్పుడు నాకు భలే నచ్చిన ముక్క ఒకటి చెప్తాను. మన జిల్లాదే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెంతమంది అని కలెక్టర్లందర్నీ వివరాలు అడిగాడు. రాజమండ్రి కలెక్టరు పంపిన జవాబులో ఒక మాట ఉంది. ఇక్కడ మగపిల్లవాడు మొదటిసారి బడికి వెళ్ళడానికి మంచిరోజు ఏది అంటే, ఐదేళ్ళ ఐదు నెలల ఐదో రోజు అని. ఆడపిల్లల ఊసు లేదు, ఆ కాలం అలాంటిది. అదే సర్వేలో కడప నుంచి వెళ్ళిన జవాబు చూస్తే బ్రాహ్మణుల పిల్లలు ఐదారేళ్ళకి, శూద్రుల పిల్లలు ఆరు నుంచి ఎనిమిదేళ్ళకి బడికి వెళ్ళేవారని ఉంది. బళ్ళారి కలెక్టరైతే బియ్యంలో వేలుపట్టి రాయించే తంతు మొత్తం వర్ణించాడు.

ఆ తంతు ఇప్పటికీ మనం చేస్తున్నాం. శ్రీపంచమికో విజయదశమికో పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. ఫోటోలు దిగుతాం, స్టేటస్ పెడతాం. తంతు అదే, వయసే జారిపోయింది. పెద్దలు ఐదో ఏట చెయ్యమన్న అక్షరాభ్యాసాన్ని మూడో ఏటికి, కొన్ని ఇళ్ళల్లో రెండున్నరకి లాక్కొచ్చాం. ఎందుకంటే జూన్‌లో ఎల్కేజీ ఉంది కాబట్టి!

రాజమండ్రివాళ్ళు ఐదున్నర దగ్గర ఆగడంలో ముహూర్తం మాటెలా ఉన్నా, ఒంటికి సంబంధించిన లెక్క మాత్రం సరిపోతుంది. మీ మణికట్టు ఒకసారి తడిమి చూడండి. అందులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, చెవి డొప్పలాగా మెత్తగా ఉంటాయి. ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ళప్పుడు ఎక్స్‌రే తీస్తే సాధారణంగా రెండు మూడే కనిపిస్తాయి. ఐదారేళ్ళకి చాలావరకు వస్తాయి, ఆఖరిది ఎనిమిదేళ్ళు దాటాకే. ఆడపిల్లల్లో కాస్త ముందు, మగపిల్లల్లో కాస్త వెనక. వేళ్ళలో పట్టు కూడా అంతే నెమ్మదిగా వస్తుంది. మూడేళ్ళవాడు పెన్సిల్‌ని గుప్పిట్లో పట్టుకుంటాడు, రోకలి పట్టుకున్నట్టు. వాడి చేత నాలుగు గీతల కాపీ రాయిస్తే రాస్తాడు, పాపం, భుజం మొత్తం బిగబట్టి రాస్తాడు. మావాడి పుస్తకంలో అక్షరాలు వెనక పేజీ మీద కూడా తగిలేవి, అంత నొక్కేవాడు. అప్పట్లో అది శ్రద్ధ అనుకున్నాను.

క్లాసులో అందరికన్నా చిన్నవాడిగా ఉండడానికి ఇంకో ఖరీదు ఉంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండితేనే బడి. అంటే ఆగస్టులో పుట్టినవాళ్ళు క్లాసులో అందరికన్నా చిన్న, సెప్టెంబరులో పుట్టినవాళ్ళు అందరికన్నా పెద్ద. 2018లో హార్వర్డ్ పరిశోధకులు ఈ రెండు గుంపుల్నీ పోల్చారు. కుదురులేని జబ్బు, ఏడీహెచ్‌డీ అంటారే, అది ఉందని ముద్రపడడం ఆగస్టు పిల్లల్లో 34 శాతం ఎక్కువ. నెల తేడాకి జబ్బు రాదు కదండీ! వాళ్ళు చిన్నపిల్లలు, చిన్నపిల్లల్లాగే ఉన్నారు, పక్కన ఏడాది పెద్దవాడు ఉండేసరికి తేడాగా కనిపించారు. మన దగ్గర ఆ ముద్ర పేరు వేరు. "మొద్దు", "అల్లరి వెధవ", "వీడికి ధ్యాస లేదండి".

మరి పిల్లవాడు తయారుగా ఉన్నాడని ఎలా తెలుస్తుంది? ఏబీసీడీలు వచ్చాయా అన్నది ఆఖరి ప్రశ్న. ముందు చూడాల్సినవి చాలా మామూలు పనులు. ఒంటికో రెంటికో వస్తే కొత్త మనిషికి చెప్పగలడా. డబ్బా మూత తనే తీసి, సగం ఒలికినా సరే, తనే తినగలడా. "చెప్పులు విప్పి, సంచీ అక్కడ పెట్టు" అంటే రెండు పనులూ గుర్తుంచుకుని చేస్తాడా. ఇంకొకడి చేతిలో బొమ్మ ఉంటే కాసేపు ఆగగలడా. నిన్న తీర్థంలో ఏం చూశావంటే ముందూ వెనకా అయినా ఏదో కథలా చెప్తాడా. మీరు గేటు దగ్గర వదిలితే ఏడుస్తాడు, అది మామూలే. రెండు మూడు వారాలయ్యాక కూడా పొద్దున్న లేవగానే ఒంట్లో బాగోలేదంటున్నాడా, రాత్రి పక్క తడుపుతున్నాడా, అది మామూలు కాదు. అక్కడ ఆగి ఆలోచించాలి.

మూడేళ్ళు దాటినా రెండు మూడు మాటలు కలిపి మాట్లాడకపోతే, పిలిస్తే తిరక్కపోతే, బడికి వేస్తే అదే వస్తుందిలే అని ఊరుకోకండి. ముందు చెవులు, కళ్ళు చూపించండి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, అంగన్‌వాడీల దగ్గరికి కూడా వాళ్ళ టీమ్ వస్తుంది, డబ్బు అక్కర్లేదు. ఇంకో చిన్న మాట: ఫోన్‌లో రైమ్స్ చూసి అక్షరాలు చెప్పడం చదువుకి తయారవడం కాదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నా వీడియోలు కూడా ఆ గంటలోకే వస్తాయి, నవ్వకండి.

ఇంతా చెప్పి, ఆరేళ్ళ దాకా ఇంట్లోనే ఉంచేయండి అంటే అది డబ్బున్నవాళ్ళ సలహా అవుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లకి తెల్లవారుజామునే వెళ్ళే తల్లులున్నారు. ఊడ్పుల టైములో ఇంట్లో మనిషే ఉండదు. పిల్లవాడు చెరువు గట్టు మీదో కాలవ రేవు దగ్గరో ఒంటరిగా తిరిగే కన్నా బడిలో ఉండడమే మేలు, మనది కాలవల దేశం. కాబట్టి అసలు ప్రశ్న రెండుగా విడగొట్టుకోవాలి. నలుగురు పిల్లల మధ్యకి ఎప్పుడు పంపాలి? మూడేళ్ళ నుంచి పంపొచ్చు, మంచిది కూడా. పుస్తకం, పెన్సిలు, హోమ్‌వర్కు ఎప్పుడు? ఐదున్నర, ఆరు. ఈ రెండిటినీ కలిపి ఎల్కేజీ అని ఒకే సంచీలో కట్టి అమ్ముతున్నారు, అక్కడే వచ్చింది చిక్కు.

మొదటిదానికి మన రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీలు ఉన్నాయి. అన్నీ బాగుంటాయని నేను చెప్పను. మీ వీధిలోది పొద్దున్న పదింటికి వెళ్ళి స్వయంగా చూడండి. పిల్లలు ఆడుకుంటున్నారా, పాటలు పాడుతున్నారా, లేక అన్నం టైము కోసం కూర్చున్నారా. బాగుంటే అంతకన్నా దగ్గర్లో, తెలుగులో, వ్యాన్ ఎక్కక్కర్లేని చోటు ఇంకోటి దొరకదు.

ఇక కువైట్ చెల్లికి. అమ్మా, మీవాడిని ఈ జూన్‌లో ఎల్కేజీలో వేస్తే ఒకటో తరగతికి ఐదేళ్ళ ఎనిమిది నెలలు. మన రాష్ట్రం రూలుకి అది సరిపోతుంది, నేరం ఏం కాదు. ఈ ఏడాది నర్సరీకో అంగన్‌వాడీకో పంపి వచ్చే జూన్‌లో ఎల్కేజీ అంటే ఆరేళ్ళ ఎనిమిది నెలలు. నన్నడిగితే రెండోదే. అయితే ఇంట్లో ఊరికే కూర్చోబెట్టమని కాదు, మీ అమ్మగారికి కూడా నాలుగు గంటలు ఊపిరి ఆడాలి కదా. ఒకవేళ ఎల్కేజీయే అని మీరు తేల్చుకుంటే, మీ తమ్ముడెవరైనా ఉంటే ఒకసారి బడికి పంపి మూడు సంగతులు కనుక్కోమను. రోజుకి ఎన్ని పేజీలు రాయిస్తారు. బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు. వ్యాన్ మీ ఊరి నుంచి పొద్దున్న ఎన్నింటికి బయల్దేరి బడికి ఎన్నింటికి చేరుతుంది. గంట పడుతుందంటే వద్దు. ఆ వయసువాడికి రోజుకి రెండు గంటలు గట్టు రోడ్డు మీద కుదుపులు, నిద్రా అంటే మిగిలేదేమీ ఉండదు.

ఇంకోటి. నువ్వు రాత్రి వీడియో కాల్ చేసినప్పుడు వాడిని ఏబీసీడీలు చెప్పమని అడగకు. ఇవాళ ఎవరితో ఆడావు, అమ్మమ్మ ఏం వండింది, పక్కింటి దూడ ఎంత పెద్దదైంది అని అడుగు. వాడు చెప్తూ ఉంటే మధ్యలో ఆపకు. జూన్ 12న బడులు తెరుస్తారు, ఇంకా టైముంది. మీ అమ్మగారు ఏమన్నారో నాకు మళ్ళీ మెసేజ్ పెట్టు.