కారుచున్న పెట్రోలు ట్యాంకుకు మాటు

పురాతనమైన కారు అనగానే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన నిజాము ప్రభువుల నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ మన కన్నులకు కట్టును. కాని చట్టము దృష్టిలో పురాతన వాహనము అంత అరుదైనదేమీ కాదు. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనముల నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, పెద్ద మార్పులు లేక నిలిచిన కారు ఏదైనను వింటేజి వాహనమే. ఆ లెక్కన 1970 ప్రాంతమున ఏ వకీలుగారో, డాక్టరుగారో కొన్న అంబాసిడరు కూడ నేడు ఆ కోవలోనిదే. అట్టివి తాతగారి జ్ఞాపకముగా షెడ్డులలో ఇంకను కనబడుచున్నవి. వాటిని మరల రోడ్డు మీదికి తేబూనిన వారికి తరచుగా ఎదురగు చిక్కు పెట్రోలు ట్యాంకుది. కారు కారుట అను మాటలోని చమత్కారము ఆ యజమానికి మాత్రము రుచింపదు.

ట్యాంకు ఏల కారును? బయటి వాన వలననే తుప్పు పట్టునని చాలమంది తలంతురు. అసలు శత్రువు లోపలనే యున్నది. పగటి వేడికి ట్యాంకులోని ఆవిరి వ్యాకోచించి మూత రంధ్రము గుండ వెలికి పోవును. రాత్రి చల్లబడగనే బయటి తేమగాలి లోనికి వచ్చును. ఆ తేమ నీరై గోడల వెంట జారి అడుగునకు చేరును. నీరు పెట్రోలుకంటె బరువైనది గదా! కనుక అది పెట్రోలు క్రింద కదలక పడియుండి, ఇనుప రేకును లోపలినుండి కొరుకుచుండును. సగము నిండి ఏండ్లకేండ్లు నిలిచిన కారుకు ఈ రోగము ఎక్కువ. ఇప్పుడు మన దేశమున దొరకు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినపుడు రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగున పొరగా నిలుచును. పాత కాలపు రబ్బరు గొట్టములకును అది పడదు.

మరమ్మతుకు పూనుకొనుటకు ముందు కారునది నిజముగా ట్యాంకేనా యని చూడవలెను. అడుగున గల బిరడా క్రింది వాషరు, పెట్రోలు మట్టమును తెలుపు సాధనము చుట్టునున్న కార్కు, గొట్టము బిగించిన క్లిప్పు, వీనిలో ఏది వదులైనను చుక్కలు పడును. పెట్రోలు అతుకు వెంట పాకి పోయి మరెక్కడనో బొట్టుగా వ్రేలాడును. చుక్క పడిన చోటనే చిల్లు ఉండునని నమ్మరాదు. రేకును తుడిచి ఆరబెట్టి సుద్దపొడి చల్లిన యెడల తడి పుట్టు చోటు తెలియును. దారిలో సూదిమొనంత చిల్లు కనబడినపుడు డ్రైవర్లు బట్టల సబ్బు రుద్దుట మనము చూచియే యున్నాము. సబ్బు పెట్రోలులో కరగదు కనుక ఇంటికి చేరువరకు అది నిలుచును. అంతకు మించి దానిని నమ్ముట తగదు.

ఇక ముఖ్యమైన సంగతి. పెట్రోలు నిండిన ట్యాంకును చూచి మనము భయపడుదుము. ఖాళీ ట్యాంకును చూచి ధైర్యము తెచ్చుకొందుము. నిజము ఇందుకు విరుద్ధము. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు నూటికి 1.4 వంతుల నుండి 7.6 వంతుల వరకు ఉన్నప్పుడే మండును. నిండు ట్యాంకులో పైనున్న కొద్దిపాటి చోటున ఆవిరి సాధారణముగా ఈ మితిని దాటి యుండును. ఖాళీ ట్యాంకులోనో, మిగిలిన ఆవిరి గాలితో కలిసి సరిగా ప్రేలుడుకు తగిన పాళ్లకు వచ్చును. 50 లీటర్ల ట్యాంకును బాంబుగా మార్చుటకు ఒక చెంచాడు పెట్రోలు చాలును. ట్యాంకును ఒకరోజు ఎండలో బోర్లించిన చాలునను అలవాటు కొన్ని షెడ్డులలో కలదు. అతుకుల మడతలలోను, తుప్పు పొరలలోను దాగిన పెట్రోలును ఎండ పూర్తిగా తీయజాలదు. వాసన రాని ట్యాంకు కూడ, వేడి తగిలినంతనే ఆ మడతలనుండి కొత్త ఆవిరిని విడుచును. మరియొక కారు సైలెన్సరు పొగను లోనికి పంపు పద్ధతిని కొందరు మెచ్చుకొందురు. ఆ పొగలో ఎంత ఆక్సిజను మిగిలినదో చెప్పలేము. పైగా అది విషము. మేము దానిని అంగీకరింపము.

కావున ఈ పనిలో ముప్పాతిక భాగము శుభ్రపరచుటయే. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది; రిపేరు గుంటలో చేరి నిలుచును. అందుచేత ఆరుబయటనే, గుంటకును పొయ్యికిని దూరముగా, పెట్రోలును లోహపు డబ్బాలోనికి తీయవలెను. ట్యాంకును దింపి, వాషింగు సోడా కలిపిన మరిగే నీటితో పలుమారులు కడిగి, గంటల తరబడి ఆవిరి పట్టించవలెను. సందేహమున్న యెడల మరల కడుగుటయే మేలు.

అతుకుటకు గ్యాసు వెల్డింగు తగదు. సీసము, తగరము కలిసిన మాటు లోహము 183 డిగ్రీల సెంటీగ్రేడుకే కరగనారంభించును. రేకును కరగించు మంట ఇచట అనవసరము. రాగి మొన గల కడ్డీని దూరపు పొయ్యి మీద కాచి తెచ్చి వాడుదురు. అయినను కాగిన కడ్డీ 300 డిగ్రీలు దాటవచ్చును; అంతకంటె తక్కువ వేడికే పెట్రోలు ఆవిరి తనంతట తానే అంటుకొనగలదు. మంట లేదు గదా యని కడుగుట తగ్గింపరాదు. చిల్లు పైకి వచ్చునట్లు ట్యాంకును ఒరగబెట్టి, చిల్లుకు కొంచెము క్రిందివరకు నీరు నింపిన యెడల ఆవిరికి చోటే యుండదు. నీరు రేకును తాకినచో వేడిని లాగివేయును గనుక ఆ కొంచెము ఎడము అవసరము.

చిల్లు చుట్టును చిన్న సుత్తితో తట్టి చూడవలెను. ఒక చిల్లు కనబడిన చోట చుట్టునున్న రేకు కూడ పలుచబడి యుండుట సహజము. లొత్తవోయిన మేరకు కత్తిరించి మాసిక వేయుట మంచిది. రేకును మెరయునట్లు గీకి, జింకు క్లోరైడు ద్రవము పూసి, ట్యాంకు రేకుకును మాసికకును విడివిడిగా కళాయి పూత పూసి, ఆపైన రెంటిని కలిపి వేడి చేయుదురు. పూత లేని రేకుపై మాటు నిలువదు. కళాయి యను మాట అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. మాటు అచ్చ తెనుగు పలుకు. ఈ చిన్న పనిలో మన కళాశాల భాషలు రెండును పక్కపక్కన నిలిచినవి! పని ముగిసిన పిదప సీసము అంటిన చేతులు సబ్బుతో కడుగకుండ అన్నము ముట్టరాదు.

అడుగంతయు జల్లెడయైనచో మాటులతో కాలము వృథా చేయక, అడుగు రేకునే మార్పించుట మంచిది. లోపల పోయు ఎపాక్సీ పూతలు బజారులో కలవు. తుప్పును పూర్తిగా తీసి, బాగుగా ఆరబెట్టిన రేకుపై అవి పనిచేయును. ఇథనాలుకు తట్టుకొనని రకమైనచో పొరలు పొరలుగా ఊడి ఫిల్టరును మూసివేయును.

పరీక్షకు సైకిలు పంపుతో చదరపు అంగుళమునకు 2 పౌండ్లు మించకుండ గాలి పట్టి, అతుకులపై సబ్బు నీరు పూయవలెను. ఎక్కువ గాలి కొట్టిన యెడల పలుచని రేకు ఉబ్బి అతుకులే విచ్చును. బుడగలు లేనిచో నీటిని పూర్తిగా ఆర్చి, బయట రంగు వేసి, పట్టీల క్రింద తడిని పట్టియుంచు పాత ఫెల్టుకు బదులు కొత్త రబ్బరు పెట్టి బిగింపవచ్చును. మూతలోని గాలి రంధ్రమును సూదితో పొడిచి చూచుట మాత్రము మరువరాదు. అది మూసికొనినచో పెట్రోలు తగ్గినకొలది లోపల శూన్యమేర్పడి, కష్టపడి అతికిన రేకే లోనికి క్రుంగును.