0.1కి 0.2 కలిపితే 0.3 ఎందుకు రాదు? సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో ఎంత తేడాను సరే అనుకోవచ్చు?

కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982 జనవరిలో 1000 పాయింట్లతో ఒక కొత్త సూచీని మొదలుపెట్టింది. మార్కెట్ బాగానే ఉన్నా సూచీ పడిపోతూనే వచ్చింది. 1983 నవంబరుకి 524.811కి చేరింది. లెక్క సరిచేశాక, అది 1098.892 దగ్గర ఉండాల్సిందని తేలింది.

పొరపాటు చూడ్డానికి చిన్నదే. సూచీని లెక్కగట్టిన ప్రతిసారీ మూడో దశాంశ స్థానం తర్వాతి అంకెలను రౌండ్ చేయకుండా కత్తిరించేశారు. ఒక్కోసారి పోయింది 0.001 కన్నా తక్కువే. కానీ కొత్త విలువను పాత విలువ మీదే లెక్కగట్టేవారు, అదీ రోజుకు వేల సార్లు.

కంప్యూటర్‌కు 0.1 ఎందుకు కష్టం?

మూడింట ఒక వంతును దశాంశాల్లో రాస్తే 0.333... అంటూ ఎప్పటికీ ముగియదు. కంప్యూటర్ వాడే ద్వియాంశ పద్ధతిలో 0.1 పరిస్థితీ అంతే. దానికి దగ్గరి విలువనే దాచుకుంటుంది. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఇది యంత్రం లోపం కాదు. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు ఇలాగే ఉంటాయి.

ప్రోగ్రామ్‌లోని ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షించేది యూనిట్ టెస్ట్. అందులో ‘జవాబు సరిగ్గా 0.3 కావాలి’ అని రాస్తే, తప్పులేని కోడ్ కూడా ఫెయిలవుతుంది. అందుకే కొంత తేడాను అనుమతిస్తారు. దాన్నే టాలరెన్స్ అంటారు.

ఎంత తేడా వరకు?

0.001 వరకు తేడా ఉన్నా సరే అన్నారనుకుందాం. రావాల్సిన మందు మోతాదు 0.0005 గ్రాములైతే, కోడ్ సున్నా ఇచ్చినా టెస్ట్ పాసవుతుంది. అందుకే విలువలో ఇంత వంతు అని చెప్పే సాపేక్ష టాలరెన్స్ వాడతారు. పైథాన్‌లో ‘ఈజ్‌క్లోజ్’ ఫంక్షన్, వేరుగా చెప్పకపోతే, వంద కోట్లలో ఒక వంతు తేడాను ఒప్పుకుంటుంది. ‘పైటెస్ట్’లోని ‘అప్రాక్స్’ పది లక్షల్లో ఒక వంతును ఒప్పుకుంటుంది.

రావాల్సిన జవాబు సున్నా అయితే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. సున్నాలో ఎంత వంతు తీసినా సున్నాయే. అక్కడ స్థిరమైన టాలరెన్స్ కూడా తోడు కావాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. టెస్ట్ ఫెయిలైందని, పాసయ్యేదాకా టాలరెన్స్ పెంచుకుంటూ పోతే నిజమైన తప్పులు అందులో దాక్కుంటాయి. వాంకూవర్ సూచీ లెక్కలో ఒక్క అడుగును 0.001 టాలరెన్స్‌తో పరీక్షించి ఉంటే అది పాసయ్యేదే. వేల అడుగుల తర్వాతి విలువను, మొదటి నుంచి విడిగా కట్టిన లెక్కతో పోల్చే టెస్ట్ అయితే పట్టించేది.

డబ్బు విషయంలో అసలు టాలరెన్స్ అవసరమే రానివ్వకపోవడం మేలు. రూ.10.10ను దశాంశంగా కాక 1010 పైసలుగా, పూర్ణాంకంగా దాచుకుంటే కూడికలు, తీసివేతలు కచ్చితంగా వస్తాయి. వడ్డీ, పన్నుల్లాంటి చోట్ల పైసాను ఎటు రౌండ్ చేయాలో నియమం రాసుకుని, ఆ నియమాన్నే పరీక్షించాలి.